ఇంగ్లీషు కాలాలూ కరీంనగర్ క్రియలూ

తెలుగు ఇంటిభాషగా పెరిగిన పిల్లలకు ఇంగ్లీషు నేర్పే బడుల్లో ఎక్కువ పీరియడ్లు, ఎక్కువ ఓపిక తినేసే పాఠం ‘టెన్సులు’. వ్యాకరణ పుస్తకాలు ఈ పాఠాన్ని పన్నెండు గడుల పట్టికగా అందిస్తాయి. భూత, వర్తమాన, భవిష్యత్ కాలాలు మూడూ ఒకవైపు, సింపుల్, కంటిన్యువస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యువస్ అనే నాలుగు రూపాలు మరొకవైపు నిలిచి, ఒక్కో గడిలో ఒక్కో సూత్రం కనిపిస్తుంది. ఆ పట్టికను హైస్కూల్లో ఒకసారి, పదో తరగతి పరీక్షలకు మరోసారి, డిగ్రీ అయ్యాక పోటీ పరీక్షల కోచింగులో ఇంకోసారి కంఠస్థం చేసిన విద్యార్థి కూడా, రోజూ ఆరింటికి లేస్తానన్న మామూలు సంగతిని ఇంగ్లీషులో చెప్పవలసి వచ్చేసరికి ‘డైలీ ఐ విల్ గెటప్ ఎట్ సిక్స్’ అనే అంటాడు. ఇది బద్ధకం వల్లో మతిమరుపు వల్లో వచ్చిన తప్పు కాదు. దీనికి ఒక క్రమం ఉంది, ఆ క్రమం తెలుగు క్రియలోనే ఉంది. దాన్ని పట్టించుకోకుండా పట్టికను ఎన్నిసార్లు వల్లె వేయించినా ఫలితం అంతంతమాత్రంగానే ఉంటుంది.

ఈ సంగతిని పరిశీలించడానికి చొప్పదండి అనువైన చోటు. కరీంనగర్‌కు చేరువలో ఉన్న ఈ ఊళ్లో జవాహర్ నవోదయ విద్యాలయం ఉంది. పల్లెల్లోని చురుకైన పిల్లలకు ఖర్చు లేని గురుకుల విద్య అందించే నవోదయ పథకం 1986 నాటి జాతీయ విద్యావిధానంలో భాగంగా విస్తరించింది. అప్పుడు కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి శాఖను చూస్తున్నది నాటి కరీంనగర్ జిల్లా వంగర గ్రామానికి చెందిన పి.వి. నరసింహారావు. ప్రవేశపరీక్షను తెలుగులో రాసి ఆరో తరగతిలో చేరే పిల్లలు, కొన్నేళ్లు మాతృభాష ఆసరాతో చదివి, తొమ్మిదో తరగతికి వచ్చేసరికి గణితం, విజ్ఞానశాస్త్రం ఇంగ్లీషులోనూ, సాంఘికశాస్త్రం హిందీలోనూ చదవాలన్నది నవోదయల పద్ధతి. అటు రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 విద్యాసంవత్సరం నుంచి ఒకటి మొదలు ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది, దానితోపాటే ఒకే పాఠాన్ని పక్కపక్క పేజీల్లో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అచ్చువేసిన ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. అంటే ఇంగ్లీషు క్రియ ఇక్కడి పిల్లలకు ఇప్పుడు ఒక్క ఇంగ్లీషు పీరియడులోనే కాదు, కిరణజన్య సంయోగక్రియ పాఠంలోనూ కాకతీయుల పాఠంలోనూ ఎదురవుతుంది.

పట్టికలోని మొదటి చిక్కు దాని పేరులోనే ఉంది. పన్నెండింటినీ కాలాలు అనడం చెప్పేవారికి వీలుగా ఉండవచ్చు గానీ, భాషాశాస్త్రం లెక్కలో ఇంగ్లీషు క్రియ తన రూపం మార్చుకొని చూపించే కాలాలు రెండే, గతం ఒకటి, గతం కానిది ఒకటి. భవిష్యత్తుకు ఇంగ్లీషులో ప్రత్యేకమైన ప్రత్యయం లేదు, ‘విల్’ వంటి సహాయక్రియలతో అది నెట్టుకొస్తుంది. మిగిలిన తేడాలన్నీ పని ఎప్పుడు జరిగిందని కాక ఏ తీరున జరిగిందని చెప్పేవి; సాగుతూ ఉందా, ముగిసిందా, ముగిసినా దాని ఫలం ఇంకా నిలిచే ఉందా అన్న ఈ తీరును ‘ఆస్పెక్ట్’ అంటారు, తెలుగులో క్రియాస్థితి అనుకోవచ్చు. కాలమూ క్రియాస్థితీ వేర్వేరు సంగతులని ముందే చెప్పకుండా రెండింటినీ ఒకే పట్టికలో కలిపి ఇవ్వడం వల్ల, ప్రతి గడికీ తెలుగులో సరిగ్గా ఒక రూపం ఉండి తీరుతుందన్న భ్రమ విద్యార్థికి కలుగుతుంది. తెలుగు అలా లేదు, ఉండవలసిన అవసరమూ లేదు.

రోజూ జరిగే పనిని ఇంగ్లీషులో చెప్పబోతే ‘విల్’ ఎందుకు దొర్లుతుందన్న ప్రశ్నకు జవాబు తెలుగు వ్యాకరణంలోనే ఉంది. బాలవ్యాకరణ కర్త పరవస్తు చిన్నయసూరి మొదలు నేటి బడిపుస్తకాల దాకా తెలుగు వ్యాకరణం భూత, భవిష్యత్, వర్తమానాలతో ఆగదు, నాలుగోదిగా తద్ధర్మార్థకాన్ని చెబుతుంది. తద్ధర్మం అంటే ఒక వస్తువుకో మనిషికో స్వభావంగా, అలవాటుగా ఉన్న పని, ఏ ఒక్క కాలానికీ కట్టుబడనిది; సూర్యుడు తూర్పున ఉదయించును, పక్షులు ఎగురును వంటివి దానికి వాడుకగా చెప్పే ఉదాహరణలు. ఇంగ్లీషువారి ‘సింపుల్ ప్రెజెంట్’ అన్నది పేరుకే వర్తమానం, చేసే పనిని బట్టి చూస్తే అది దాదాపుగా ఈ తద్ధర్మమే. అయితే వాడుకలో తద్ధర్మమూ భవిష్యత్తూ కలిసిపోయాయి. ‘రోజూ వెళ్తాను’ అన్నా ‘రేపు వెళ్తాను’ అన్నా క్రియ ఒకటే. 1985లో ఆధునిక తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో వెలువరించిన భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ ఈ రూపానికి భవిష్యత్తూ అలవాటూ రెండూ తెలిసేట్టు జంటపేరు పెట్టింది అందుకే. బడిలో మాత్రం ‘వెళ్తాను’ అనగానే ‘విల్ గో’ అని నేర్పుతారు గనుక, రోజూ వెళ్లేవాడు కూడా ఇంగ్లీషులో రేపటికి వాయిదా పడతాడు.

కరీంనగర్ ప్రాంతపు మాటలో ఈ తేడాలు ఇంకా తేటగా వినిపిస్తాయి. ‘బడికి పోత’ అంటే రోజూ పోతాననీ కావచ్చు, రేపు పోతాననీ కావచ్చు. ‘బడికి పోతాన’ అంటే ఇప్పుడు దారిలో ఉన్నానని. ఒక్క దీర్ఘంతో, ఒక్క నకారంతో ఇంత తేడా చూపే భాష మాట్లాడే పిల్లవాడికి ‘ఐ గో’, ‘ఐ యామ్ గోయింగ్’ల మధ్య తేడా అంతుపట్టదనడం అన్యాయం. అతడికి తెలిసిన తేడాను అతడి మాటలోనే చూపించి, ‘పోతాన’ ఉన్నచోట ‘గోయింగ్’ పెట్టమని, ‘పోత’ ఉన్నచోట మాత్రం ఆగి, ఇది రోజూ జరిగేదా, ఇకముందు జరగబోయేదా అని తనను తాను అడుగుకొమ్మని చెబితే, పట్టికలో సగం పని అక్కడే అయిపోతుంది. ఈ రూపాలను యాసగా పక్కన పెట్టి, పుస్తకభాషలోని ‘వెళ్లుచున్నాను’ను తెచ్చి దానికి ఇంగ్లీషు చెప్పే అలవాటు ఇంకా పోలేదు. విద్యార్థి ఇంట్లో ఎన్నడూ అనని తెలుగును దాటి ఎన్నడూ వినని ఇంగ్లీషుకు చేరాలన్నమాట.

భారతీయుల ఇంగ్లీషు అనగానే అందరికీ గుర్తొచ్చేవి ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’, ‘ఐ యామ్ నోయింగ్’ వంటి వాక్యాలు. నిస్సిం ఎజెకియెల్ వంటి భారతీయ ఇంగ్లీషు కవి వీటితోనే హాస్యకవితలు అల్లాడు. వీటిని మాతృభాష ప్రభావమని తేల్చేయడం సులువు గానీ, తెలుగు విషయంలో ఆ మాట పూర్తిగా నిలబడదు. ‘నాకు తెలుసు’ అనే తెలుగువాడు ‘నాకు తెలుస్తున్నది’ అని ఆ అర్థంలో అనడు. ‘తెలుసు’ అన్నది కాలప్రత్యయాలేవీ చేరని క్రియ, స్థితిని చెప్పేది, పనిని కాదు. ‘నాకు ఇద్దరు తమ్ముళ్లున్నారు’ అన్నదాంట్లోనూ సాగుతున్న పనేమీ లేదు. అంటే స్థితిని చెప్పే క్రియలకూ పనిని చెప్పే క్రియలకూ తేడా తెలుగుకు ముందే తెలుసు. తప్పు మరోచోట పుడుతోంది. వర్తమానం అనగానే ‘యామ్’, ‘ఈజ్’లతో పాటు ‘ఇంగ్’ కలపాలని మొదటి నెలలోనే గట్టిగా నాటుకుపోయిన సూత్రాన్ని విద్యార్థి అన్ని క్రియలకూ వర్తింపజేస్తున్నాడు. ‘చేస్తున్నాను’ వంటి రూపాల చివర కూడా ‘ఉన్నాను’ దాగి ఉండడం అందుకు కొంత తోడ్పడి ఉండవచ్చు. కాబట్టి ఇక్కడ నిందించవలసింది తెలుగును కాదు, ఇంగ్లీషు బోధనలోని తొందరను.

అన్నింటికన్నా గట్టి పరీక్ష ‘ప్రెజెంట్ పర్ఫెక్ట్’. ‘హావ్’ లేదా ‘హాజ్’ తర్వాత క్రియ మూడో రూపం చేర్చి కట్టే ఈ వాక్యం, పని గతంలో జరిగినా మాట మాత్రం ఇప్పటి గురించేనని చెబుతుంది. ‘తిన్నవా?’ అని చొప్పదండిలో ఎవరైనా అడిగితే, అది గతచరిత్ర గురించిన ప్రశ్న కాదు, ఇప్పుడు కడుపు నిండి ఉందా అన్న పలకరింపు. ఇంగ్లీషులో దానికి ‘హావ్ యు ఈటెన్’ అనాలి. ‘నిన్న పెళ్లిలో తిన్నవా?’ అంటే అది జరిగిపోయిన సంగతి, ‘డిడ్ యు ఈట్’ అనాలి. తెలుగు రెండుచోట్లా ‘తిన్నవా’తోనే సరిపెట్టుకుంటుంది, తేడాను సందర్భానికి వదిలేస్తుంది. ఈ విషయంలో తెలుగు ఒంటరిది కాదు. కొరియన్ భాషలోనూ మామూలు వాడుకలో ఒకే భూతరూపం రెండు పనులూ చేస్తుంది, కొరియన్లు కూడా కలిసినప్పుడు అన్నం తిన్నావా అనే పలకరిస్తారు, వారి వాక్యంలోనూ క్రియ చివరనే వస్తుంది. ఇలాంటి పోలికలను చూసే 20వ శతాబ్దం తొలినాళ్లలో హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ మిషనరీ కొరియన్‌నూ ద్రావిడ భాషలనూ పోలుస్తూ ఏకంగా ఒక వ్యాకరణమే రాశాడు. ఆ చుట్టరికాన్ని భాషావేత్తలు తర్వాత ఒప్పుకోలేదు గానీ, ఇంగ్లీషు నేర్చుకొనేటప్పుడు సియోల్ విద్యార్థీ కరీంనగర్ విద్యార్థీ తడబడే చోటు మాత్రం ఒకటే.

తడబాటు ఎక్కడన్నది వ్యతిరేకార్థంలో మరింత బాగా తెలుస్తుంది. పొద్దున ప్రార్థన ముగిసి తరగతులు మొదలయ్యే వేళ పిల్లలు ‘సార్ రాలే’ అంటే, సార్ ఇంకా రాలేదని, రావచ్చునని అర్థం. ఇంగ్లీషులో అది ‘హాజ్ నాట్ కమ్’. సాయంత్రం చివరి గంట కొట్టాక అదే పిల్లలు అదే ‘సార్ రాలే’ అంటే, ఈ రోజుకు ఇక రాడని, సంగతి ముగిసిందని అర్థం. అది ‘డిడ్ నాట్ కమ్’. తెలుగు వాక్యంలో ఒక్క అక్షరం మారలేదు, మారింది గోడమీది గడియారమే. ఈ రెండు గంటల మధ్య తేడాను తరగతి గదిలో ఒక్కసారి చూపిస్తే, పర్ఫెక్ట్ అంటే తలుపు ఇంకా తెరిచి ఉన్న కాలమని చెప్పడానికి వేరే నిర్వచనం అక్కర్లేదు.

దీనికి సిద్ధాంతపరమైన వివరణ జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన తత్వవేత్త హాన్స్ రైకెన్‌బాక్ 1947లో వచ్చిన తర్కశాస్త్ర గ్రంథంలో ఇచ్చాడు. వాక్యం చెప్పే కాలాన్ని అర్థం చేసుకోవడానికి రెండు బిందువులు చాలవని, మూడు కావాలని అతడి వాదం: మాట్లాడే క్షణం, పని జరిగిన క్షణం, మాట్లాడేవాడు ఆ పనిని ఎక్కడ నిలబడి చూస్తున్నాడో ఆ క్షణం. మామూలు భూతకాలంలో మాట్లాడేవాడు గతంలోకి వెళ్లి, పని జరిగిన చోట నిలబడి చూస్తాడు. ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లో ఇప్పటిచోటే నిలబడి వెనక్కి చూస్తాడు. నల్లబల్ల మీద ఒక గీత గీసి ఈ మూడు బిందువులు పెట్టడానికి నిమిషం పట్టదు. ‘ఎస్టర్‌డే’ ఉన్న వాక్యంలో ‘హావ్ గాన్’ ఎందుకు కుదరదో కూడా ఆ గీతే చెబుతుంది, ఎందుకంటే నిన్న అన్నమాట చూసేవాణ్ని నిన్నటికి లాక్కుపోయింది.

ఇదంతా పరీక్ష మార్కులకే పరిమితమైన వ్యవహారం కాదు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు పోయి వచ్చేవారు చాలామంది. మరో కొలువుకు బయోడేటా రాసుకొనేటప్పుడు ఈ కాలాల తేడా బతుకుతెరువు తేడా అవుతుంది. ‘ఐదేండ్ల నుంచి దుబాయిల పనిచేస్తాన’ అన్నదాన్ని మాటకు మాట పెడితే ‘ఐ యామ్ వర్కింగ్ ఇన్ దుబాయ్ ఫ్రమ్ ఫైవ్ ఇయర్స్’ అవుతుంది. తెలుగు ‘నుంచి’ ఒక్కటే ఇంగ్లీషులోని ‘సిన్స్’, ‘ఫర్’, ‘ఫ్రమ్’ మూడింటి బరువూ మోస్తుంది గనుక మాటల ఎంపికలో ఒక తప్పు, మొదలై ఇంకా సాగుతున్న పనికి ‘హావ్ బీన్ వర్కింగ్’ అనే ఇంగ్లీషు పద్ధతి తెలుగులో లేదు గనుక క్రియలో మరో తప్పు జరుగుతాయి. అయినా భావం అందుతుంది, ఎవరూ ఉద్యోగం నిరాకరించరు. చిక్కు వచ్చేది ‘ఐ వర్క్‌డ్ ఇన్ దుబాయ్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అని సరైన ఇంగ్లీషే రాసినప్పుడు, ఎందుకంటే అది ఆ కొలువు వదిలేసినట్టు చెబుతుంది; ఇంకా అక్కడే ఉన్నవాడు అలా రాస్తే వ్యాకరణం తప్పు కాకపోయినా కబురు తప్పవుతుంది. వినగానే తప్పనిపించే వాక్యాలకన్నా ఒప్పుగా కనిపిస్తూ వేరే అర్థమిచ్చే వాక్యాలే ఉపాధ్యాయులు ఎక్కువగా పట్టించుకోవలసినవి.

‘పాస్ట్ పర్ఫెక్ట్’ సంగతి ఇందుకు తలకిందులు. అక్కర ఉన్నచోట అది రాదు, అక్కర లేనిచోట వస్తుంది. ‘మేం స్టేజి కాడికి వచ్చేసరికి కరీంనగర్ బస్సు పోయింది’ అన్న వాక్యంలో ముందేది జరిగిందో వెనకేది జరిగిందో ‘వచ్చేసరికి’ అన్న ఒక్క మాటే తేల్చేస్తుంది. ఇంగ్లీషులో ఆ పనికి ‘హాడ్ గాన్’ కావాలి, లేకపోతే వారు రాగానే బస్సు కదిలిందన్న అర్థం వస్తుంది. తెలుగు తన కాలక్రమాన్ని సమాపక క్రియలో కాక అసమాపక క్రియల్లో, అంటే వాక్యాన్ని పూర్తి చేయని క్రియల్లో దాచుకుంటుంది. ‘తిని’, ‘చూసి’ వంటి క్త్వార్థకం ముందు ముగిసిన పనిని, ‘తింటూ’ వంటి శత్రర్థకం కలిసి సాగే పనిని, ‘తింటే’ వంటి చేదర్థకం షరతును చెబుతాయి. ఈ పేర్లన్నీ విద్యార్థి తెలుగు పీరియడులో పరీక్ష కోసం చదివినవే. ఇక అక్కర లేనిచోట వచ్చే ‘హాడ్’ సంగతి: ‘లాస్ట్ మండే ఐ హాడ్ గాన్ టు వేములవాడ’ అనే వాక్యాలకు తెలుగుకన్నా ఉర్దూ, హిందీలే ఎక్కువ కారణం కావచ్చు, ఎందుకంటే ఆ భాషల్లోని ‘గయా థా’ ఇంగ్లీషు ‘హాడ్ గాన్’కు అచ్చుగుద్దినట్టు కనిపిస్తుంది గానీ మామూలుగా జరిగిపోయిన పనికి కూడా ధారాళంగా వాడుకలో ఉంది. నిజాం పాలనలో ఉర్దూ బోధనాభాషగా ఉన్న ప్రాంతంలో, నవోదయలో హిందీ కూడా రోజూ వినే పిల్లల మధ్య, ఏ తప్పు ఏ భాష నుంచి వచ్చిందో విడదీయడం అంత తేలిక కాదు.

పరోక్ష కథనంలో కనిపించేది మరో తీరు. ‘వస్తనన్నడు’ అన్నప్పుడు తెలుగు, చెప్పినవాడి మాటను అతడి కాలంతో సహా, అతడి ఉత్తమపురుషతో సహా ఉన్నదున్నట్టు మోసుకొస్తుంది. ఇంగ్లీషు ఆ మాటను తన కాలానికి వంచి ‘సెడ్ హి వుడ్ కమ్’ అంటుంది. పిల్లలు ‘టోల్డ్ దట్ హి విల్ కమ్’ అనేది ఇందుకే.

దీన్నంతా తరగతిలో ఎలా నేర్పాలన్న చర్చకు హైదరాబాద్‌తో పాత సంబంధమే ఉంది. 1958లో ఇక్కడ వెలసిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్, తర్వాత సీఫెల్‌గా, ఇప్పుడు ఇఫ్లూ విశ్వవిద్యాలయంగా, దేశమంతటి ఇంగ్లీషు ఉపాధ్యాయులకు శిక్షణనిస్తూ వచ్చింది. ఒక్కో వాక్యనిర్మాణాన్ని ఎంచి, సులువు నుంచి కష్టానికి వరుసకట్టి, నోటితో పదేపదే అనిపించే పద్ధతి ఒకప్పుడు దక్షిణాది బడులన్నింటా నడిచింది. దానికి విరుగుడుగా భాషాబోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు ప్రాజెక్టుగా పేరుపడ్డ ప్రయోగం నడిపి, వ్యాకరణాన్ని అసలు ప్రస్తావించకుండా రైళ్ల వేళలు, పటాలు చూసి జవాబులు కనుక్కొనే పనులు పిల్లలకిచ్చాడు. భాష మీద కాక అర్థం మీద మనసు పెట్టినప్పుడే వ్యాకరణం వంటబడుతుందన్నది ఆయన నమ్మకం. రెండింటిలోనూ నిజం ఉంది గానీ, రెండూ విద్యార్థి ఇంటిభాషను గుమ్మం బయటే నిలబెట్టాయి. కొన్ని రూపాలకు అదేమంత నష్టం కాకపోవచ్చు. ‘రాలే’ అన్న ఒక్క మాట ఇంగ్లీషులో రెండుగా చీలే చోట మాత్రం, ఆ చీలికను ఇంటిమాటలోనే చూపకుండా ముందుకు పోవడం కాలయాపనే.

పరీక్షలు ఈ నష్టాన్ని పెంచుతాయి. ఖాళీ పూరించమనే ప్రశ్నలో ‘ఎస్టర్‌డే’ అనో, ‘సిన్స్’ అనో, ‘ఆల్రెడీ’ అనో ఒక గుర్తు ఉండనే ఉంటుంది, విద్యార్థి వాక్యం చదవకుండా ఆ గుర్తును చూసి గడి ఎంచుకుంటాడు, మార్కు పడుతుంది. మాట్లాడేటప్పుడు మాత్రం ఆ గుర్తులు ఎవరూ అందించరు. గుర్తులు లేని అభ్యాసాలకు కొత్త పుస్తకాలేవీ రాయనక్కర్లేదు, ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఆ పనికి చాలు. భౌతికశాస్త్రంలో నీరు నూరు డిగ్రీల దగ్గర మరుగుతుందని తెలుగు పేజీ చెబితే, పక్క పేజీలో ‘వాటర్ బాయిల్స్’ అని ఉంటుంది, ‘విల్’ ఉండదు. సాంఘికశాస్త్రంలో రుద్రమదేవి పాలించిందన్నదానికి ఎదురుగా ‘రూల్డ్’ అని ఉంటుంది, ‘హాజ్’ గానీ ‘హాడ్’ గానీ ఉండదు. విజ్ఞానశాస్త్రపు పేజీలో ‘-తుంది’ అని ముగిసే వాక్యాలన్నింటికింద గీత గీయించి, వాటిలో ఏవి ఎల్లప్పుడూ జరిగేవి, ఏవి ఇకమీద జరగబోయేవి అని విడదీయించి, ఆ తర్వాత పక్క పేజీలోని ఇంగ్లీషు క్రియలతో సరిపోల్చుకొమ్మంటే అది ఒక పీరియడు పని. దానికి ముందు ఇంగ్లీషు ఉపాధ్యాయుడు స్టాఫ్‌రూములో తెలుగు పండితుణ్ని తద్ధర్మం గురించి ఓ పది నిమిషాలు అడిగి తెలుసుకుంటే పని మరింత తేలికవుతుంది.